తవుడుకు కొన్న కోమల

మహబూబ్‌నగర్,
18 జూన్ 2019

సోమత్తకు,

నీ అల్లుడు కోమల దవాఖాన మెట్ల మీద కూర్చుని రాస్తున్న ఉత్తరం ఇది. ఫోన్లో చెబితే జోరీగ మోత తప్ప ఏమీ వినబడదంటావు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. అందుకే తెల్లకాగితాలు కొన్నాను. ఐటీఐ పరీక్షల తర్వాత ఇంత రాయడం ఇదే మొదలు. తప్పులుంటే అంగన్‌వాడి టీచరమ్మలా ఎర్రపెన్నుతో దిద్ది తిప్పి పంపకు.

నాకు కొడుకు పుట్టాడత్తా. పోయిన మంగళవారం, పదకొండో తారీకు. ఎనిమిదో నెల నిండకముందే తొందరపడి వచ్చేశాడు. కిలోన్నర బరువు. గాజుపెట్టెలో పెట్టారు. సుహాసిని బాగానే ఉంది. రెండుసార్లు కడుపు పోయాక దక్కినవాడు కదా, మేమిద్దరం గట్టిగా నవ్వడానికి కూడా జంకుతున్నాం. బరువు పెరిగితే చాలు, భయం లేదని డాక్టరమ్మ అంటోంది.

అసలు బాధ అమ్మతో వచ్చింది. మూడోరోజు నుంచే గాజు అద్దం బయట నిలబడి "రమా, ఓ రమా" అని పిలవడం మొదలుపెట్టింది. నర్సు కంగారుపడి పిల్లవాడి చేతికి కట్టిన చీటీ మళ్లీ చూసుకుంది. "మగపిలగాడని రాసున్నది గదమ్మా" అంటే, "ఎరుకే బిడ్డా, జర మెల్లగ మాట్లాడు" అందట అమ్మ.

ఆడపేరు పెడితే మగపిల్లవాడి కోసం వచ్చిన చావు గడప దాకా వచ్చి, ఇక్కడుంది ఆడపిల్ల అనుకుని తిరిగిపోతుందని ఆమె నమ్మకం. నాకంటే ముందు పుట్టిన అన్నలిద్దరూ పొత్తిళ్లలోనే పోయారు కాబట్టి నాకు కోమల అని పెట్టింది. నేను బతికాను. బతికి ఏం అనుభవించానో నీకు తెలుసు. ఐటీఐలో హాజరు పిలిచినరోజు క్లాసంతా వెనక్కి తిరిగి ఆడపిల్ల ఎక్కడుందా అని వెతికింది. ఓటరు కార్డులో స్త్రీ అని పడితే దిద్దించుకోవడానికి రెండేళ్లు తిరిగాను. కల్వకుర్తిలో దుకాణానికి 'కోమల మోటార్ వైండింగ్' అని బోర్డు పెడితే, కాలిపోయిన బోరు మోటారు ట్రాక్టరులో వేసుకొచ్చిన రైతు నా మీసాల వంక చూసి "మీ ఆమె లేదా?" అంటాడు. మా పెళ్లిపత్రిక చూసి సుహాసిని వాళ్ల బంధువులు ప్రెస్సువాడు ఇద్దరు పెళ్లికూతుళ్ల పేర్లు వేశాడని గొడవకు పోయారు. నువ్వు కూడా నవ్వావు, నాకు గుర్తుంది.

నాకు అర్థం కానిది ఒక్కటే. నేను దక్కాలని నన్ను చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచితే, నువ్వు సోలెడు తవుడు పోసి కొన్నావని, పొద్దూకినాక అమ్మకు తిరిగి ఇచ్చావని మన ఇంట్లో అందరికీ తెలుసు. కొన్నవాళ్లకు పెళ్లినాడు చీర పెట్టి, మా పిల్లవాణ్ణి మాకియ్యి అని అడిగి విడిపించుకోవాలి. అదీ జరిగింది. ఆ చీర భుజాన వేసుకుని నువ్వు నవ్వుతున్న ఫోటో ఆల్బంలో ఉంది. విడిపించుకున్నాక ఇంకా ఈ పేరెందుకు? ఎన్నిసార్లు అడిగినా అమ్మ పేరు మార్చనివ్వదు.

ఈసారి ఆమెను అడగలేదు. కమలాకర్ అని మార్చుకోవడానికి అఫిడవిట్ రాయించాను. పేపర్లో ప్రకటన వేయిస్తున్నాను. అన్నట్టు, నిన్న అమ్మ నాకు అప్పటి సంగతంతా చెప్పి ఏడ్చింది. విన్నాను. జాలేసింది. అయినా నా కొడుకును రమ అని పిలవనివ్వను. నేను పడ్డది వాడు పడకూడదు. నీ మాటంటే అమ్మకు గురి. ఒక్కమాట రాయి.

ఇంకొన్ని రోజులు మాత్రమే కోమల,
నీ అల్లుడు

---

మోత్కూర్,
23 జూన్ 2019

కోమలకు,

మనవడికి ముద్దులు, సుహాసినికి దీవెనలు, నీకు రెండు చీవాట్లు. పిల్లవాడు పుట్టిన వారానికా ఉత్తరం రాసేది? ఇంతకుముందు రాయకపోతే పోనీ, మీ అత్త చెవులు పోయాయి కానీ కళ్లు పోలేదు.

ఇక్కడ వానలు లేవు. పక్కింటి బీరన్న మేకలు నా కరివేపాకు చెట్టును మోడు చేశాయి. అడిగితే ఆయనేదో చెబుతాడు, నాకు వినబడదు, తలూపి వచ్చేస్తాను. చెవులు పోయాక ఊళ్లో నాకు శత్రువులు తగ్గారు.

ముందు పనికొచ్చే మాటలు. తల్లిపాలు తప్ప ఒక్క చుక్క ఏదీ పోయొద్దు. తేనె నాకిస్తామని ఎవరైనా వస్తే చెయ్యి మీద కొట్టు. డాక్టరమ్మ సరేనన్నాక పిల్లవాణ్ణి సుహాసిని గుండెకు అదుముకుని కూర్చోవాలి, చర్మానికి చర్మం తగలాలి. కిలోన్నర పిల్లలు ఇప్పుడు లక్షణంగా బతుకుతున్నారు. నా అంగన్‌వాడిలో కిలో పావు పుట్టిన పిల్ల ఉండేది, నిరుడు పోలీసు ఉద్యోగంలో చేరింది. భయపడకు.

ఇక పేరు సంగతి. వదిన నీకు అంతా చెప్పిందని చదవగానే గుండె మీది బండ దిగినట్టయింది. చెప్పిందంటే మంచిదే. చెప్పింది కాబట్టి నీకూ తెలిసే ఉండాలి, పేరు మార్చుకునే ముందు ఆమెను ఒక్కమాట అడగాలి. అడగకుండా మార్చుకోవడం మర్యాద కాదు. ఇన్నేళ్లు మనమెవరమూ ఆమె గురించి ఆలోచించలేదు, అందులో నా తప్పు ఎక్కువ. పిల్లవాడు ఇంటికి వచ్చాక ఆమె ముందు నిలబడి మర్యాదగా అడుగు. ఆ తర్వాత కమలాకరో కరుణాకరో నీ ఇష్టం. అంతదాకా కాగితాలు ఆపు. మనవడికి రమ అని పెట్టడం నాకూ ఇష్టం లేదు, కానీ అది కూడా అప్పుడే తేలుతుంది.

వదినను ఏమీ అనకు. ఆమె ప్రాణం అసలే పిల్లవాడి దగ్గర ఉంది.

నీ మంచి కోరే,
సోమత్త

---

కల్వకుర్తి,
30 జూన్ 2019

సోమత్తకు,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. మండిందనే రాస్తున్నాను, దాచి ఏం లాభం. ముప్పై ఏళ్లు పిల్లలకు టీకాలు వేయించినదానివి, నువ్వు కూడా ఆమెను అడిగే మార్చుకో అంటావా? ముప్పై మూడేళ్ల మనిషిని, నా పేరు నేను మార్చుకోవడానికి అమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడాలా?

ఆ కోపంలోనే నీ ఉత్తరం అమ్మ ముందు పెట్టాను. "సోమత్త రాసింది. నిన్నడిగి మార్చుకోవాల్నట. అడుగుతున్న, చెప్పు" అన్నాను. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "సోమి రాసిందా? అడగాల్నని రాసిందా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని, "మొక్కు తీరలే బిడ్డా. గది తీరందే పేరు తియ్యొద్దు" అంది. ఏం మొక్కు, ఎవరికి మొక్కు అంటే నోరు విప్పలేదు.

నేను అనరాని మాట అన్నానత్తా. "నువ్వు నన్ను బతికియ్యలే, నవ్వులపాలు జేసి ఇడిసిపెట్టినవ్" అన్నాను. అమ్మ లేచి నాకు అన్నం పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం పేపర్లో నా ప్రకటన వచ్చింది. పక్క దుకాణం హనుమంతు సంతోషంతో గట్టిగా చదివాడు, మధ్యాహ్నం అన్నం తెచ్చిన అమ్మ విన్నది. శుక్రవారం పిల్లవాడి ఒళ్లు పచ్చబడింది. కామెర్లు, నెల తక్కువ పిల్లలకు వస్తుంటాయని చెప్పి నీలం లైట్ల కింద పెట్టారు. అమ్మ ఆ రెండింటినీ ముడివేసుకుంది. నిన్న పొద్దున లేచి చూస్తే ఇంట్లో లేదు. పళ్లెంలో అన్నం అలాగే ఉంది, ఫోను గూట్లో ఉంది. మన ఊరు కేతేపల్లిలో బస్సు దిగిందని, ఎవరింట్లోనో ఉందని ఊరివాళ్లు చెప్పారు. కబురు పెడితే "వస్తనని చెప్పు" అంటుంది, రాదు.

మొక్కు అంటే ఎల్లమ్మకే అయి ఉంటుందనుకుని ఈ పొద్దున పోయి చీర పెట్టి, కల్లు పోసి, కోడిని కోసి వచ్చాను. నేను, పేపర్లో కమలాకర్‌ను. నవ్వుకో. ఆ సంగతి కూడా కబురు పెట్టాను. అమ్మ రాలేదు.

సుహాసిని నాతో సరిగా మాట్లాడడం లేదు. "నీ పేరు తర్వాత జూసుకో. ముందు అత్తమ్మను తీస్కరా. ఆమె లేకుంటే నాకీడ కాళ్లు చేతులు ఆడుతలేవు" అంది. నాకూ ఆడడం లేదు. పిల్లవాడికేమైనా అయితే అమ్మ ఈ జన్మలో నా ముఖం చూడదు. నువ్వు రాసిందేమిటో, అమ్మ భయపడిందేమిటో నాకు తెలియడం లేదు. తెలిస్తే దాచకుండా రాయి.

కోమల

---

మోత్కూర్,
3 జూలై 2019

కొడుకా,

నీ ఉత్తరం చదివాను. తప్పు నాది. సంగతంతా చెప్పిందని నువ్వు రాస్తే, వదిన అసలు సంగతి చెప్పిందనుకున్నాను. నీకు చెప్పింది నీ అన్నల గురించి మాత్రమేనని ఇప్పుడు తెలిసింది. నేను ఆమెను అడుగు అన్నది మీ అమ్మను కాదు. ఎల్లమ్మకు చీర పెట్టావు, మంచిదే, కానీ ఆమె కూడా కాదు.

నిన్ను తవుడుకు కొన్నది నేను కాదు. జానమ్మ.

మన ఊళ్లో బడి దాటిన తర్వాత ఉన్న వాడలో పెద్దులు భార్య జానమ్మ. చర్చికి పోయేవాళ్లు. నువ్వు చూసి ఉంటావు, ఎవరో తెలియకుండానే. ఆమె, మీ అమ్మ ఒకే ముఠాలో నాట్లకు పోయేవాళ్లు. నీ రెండో అన్న పోయినప్పుడు అయినవాళ్లందరూ మీ అమ్మది పాడు కడుపని గొణుక్కుంటూ పోతే, రాత్రీ పగలూ పక్కన కూర్చుంది జానమ్మ ఒక్కతే.

నువ్వు పుట్టాక మీ అమ్మ నిన్ను అమ్మకానికి పెట్టాలనుకుంది. కొనేది అయినవాళ్లు కాకూడదు, పరాయి మనిషి కావాలి. చావు ఇంటివాళ్లను గుర్తుపడుతుందట, అదీ లెక్క. అంటే ఆ లెక్కలోనే మేనత్తను నేను పనికిరాను. మా అన్న, మీ నాయిన కాటమయ్య, తాళ్ల మీద కల్లు గీస్తున్న వేళ చూసి జానమ్మ కొంగులో తవుడు తెచ్చింది. చాట నేనే పట్టుకున్నాను. నిన్ను ఎత్తుకుని వాళ్లింటికి పోయింది. వదినకు అప్పటికి పాలు పడలేదు. ఆరోజంతా నువ్వు జానమ్మ పాలు తాగావు. ఆమెకు అప్పుడు ఏడాదిన్నర కూతురు, కోమల. ఏం పిల్ల అనుకున్నావు, నా సెంటర్లో తూకం వేస్తే ముల్లు అదిరేది. ఆ ఏడు తట్టు సోకి పిల్లలందరూ మంచాన పడితే, అది మాత్రం నాలుగోరోజుకే గిన్నె పట్టుకుని జావకు వచ్చింది. "గట్టి పిల్ల పేరు, వీనికీ ఉండని" అని జానమ్మ తన బిడ్డ పేరు నీకు పెట్టింది. దీపాలు పెట్టే వేళకు తెచ్చి ఇచ్చింది.

అన్న ఇంటికి వచ్చి, ఎవరు కొన్నారని అడిగాడు. మా అన్న కల్లు అందరికీ పోసేవాడు, ఆ వాడవాళ్ల చేతి నీళ్లు మాత్రం ముట్టేవాడు కాదు. ఆమె పాలు తాగావని తెలిస్తే ఇల్లు పీకి పందిరేసేవాడు. వదిన వణుకుతోంది. నేను "నేనే కొన్న" అన్నాను. అంతే. ఒకటే మాట. అన్న నమ్మాడు.

నీ పెళ్లినాడు ఆ చీర జానమ్మకు అందాలి. అన్న దాన్ని తెచ్చి నా భుజం మీద వేయించాడు. ఫోటోలో నా నవ్వు చూశావు కానీ పక్కన మీ అమ్మ ముఖం చూడలేదు. అప్పటినుంచీ మీ అమ్మ భయం ఇదే. విడిపించుకోవలసిన మనిషి దగ్గర విడిపించుకోలేదు, పేరు తీస్తే నీకేమవుతుందోనని. నీకు కాకపోతే నీ కొడుక్కి. అందుకే వాడికీ ఆడపేరు వెతికింది. నిన్ను నవ్వులపాలు చేయడానికి కాదురా.

అన్న పోయి నాలుగేళ్లయింది. అప్పుడైనా నేను చెప్పవచ్చు. సిగ్గుతో చెప్పలేదు. అన్ని ఇళ్ల పిల్లలనూ ఒకే వరుసలో కూర్చోబెట్టి తినిపించానని ఊళ్లో గొప్పలు చెప్పుకున్నదాన్ని, మా ఇంట్లో మాత్రం నోరు మూసుకున్నాను. ఆ చీర ఇప్పటికీ మడత విప్పలేదు.

ఆడపేరు చూసి చావు వెనక్కి పోతుందంటే నేను నమ్మను. నీకు టీకాలు ఇప్పించింది నేనే, బతికింది వాటితో. కానీ ఒకామె నీకు పాలిచ్చి పేరు పెట్టిందంటే అది నమ్మకం కాదు, జరిగింది. పో. మీ అమ్మ జానమ్మ ఇంట్లోనే ఉంటుంది. ఇంకెక్కడికీ పోదు.

నిన్ను కొనని అత్త,
సోమమ్మ

---

కేతేపల్లి,
7 జూలై 2019

సోమత్తకు,

పిల్లవాడికి పచ్చదనం దిగింది. నిన్న లైట్లు తీసేశారు. కిలో ఏడు వందలయ్యాడు. ఈ మాట ముందు రాస్తున్నాను, మిగతాది చదివే ఓపిక నీకు ఉండాలని.

నీ ఉత్తరం అందగానే నిన్ను తిట్టుకున్నాను. బస్సులో దారి పొడుగునా తిట్టుకున్నాను. నకిరేకల్ దాటాక కోపం అయిపోయింది, భయం మొదలైంది. ఆ ఇంటి ముందు నిలబడి ఏమని పిలవాలి?

నువ్వన్నట్టే అమ్మ అక్కడే ఉంది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని విత్తనాలకు పల్లికాయ ఒలుస్తున్నారు. వచ్చి తొమ్మిది రోజులైనా అమ్మ ఆమెతో అసలు మాట ఎత్తనే లేదట. "కాళ్లనొప్పులు, నాలుగొద్దులుంట అన్నది. కోడలుతోని కొట్లాడి వచ్చిందనుకున్న" అంది జానమ్మ. అమ్మ నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"నేను కోమలను, కాటమయ్య కొడుకును" అన్నాను.

"ఎరుకే. మీసాలొస్తె గుర్తువట్టననుకున్నవా?" అంది జానమ్మ.

నాకు మర్యాదలు తెలియవు. ఉన్నది ఉన్నట్టు అడిగాను. "అమ్మా, నన్ను మా అమ్మకియ్యి" అన్నాను. ఆమె చేతిలో తొక్కలు కింద పోసి, నా వంక, అమ్మ వంక చూసింది. "నిన్ను గా దినమే ఇచ్చిన గద బిడ్డా. దీపం పెట్టే యాళ్లకు చాటల పండబెట్టి ఈ చేతులతోనే ఇచ్చిన. తీసుకున్నది నీ తల్లే. మల్ల ఏమియ్యాలె?"

అప్పుడు అమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. "నీకు చీర పెట్టలే జానా. నీకు పెట్టేది సోమికి పెట్టినం. గందుకే నాకు నిద్ర లేదు" అంది.

జానమ్మ మళ్లీ పల్లికాయ చేతిలోకి తీసుకుంది. కాయలు ఒలవడం ఆపలేదు. తర్వాత అన్నది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నేను మర్చిపోకుండా ఉండాలని కూడా. "చీర సంగతి నాకెరుకలేదు నర్సింగమ్మా. నీ కొడుకు పెండ్లికి ఊరంత తిన్నది. మా వాడకు పిలుపు రాలే. గది యాదికున్నది. నేను పాలిచ్చిన పిల్లగాని పెండ్లి, నేను ఇంట్ల గూసున్న. బ్యాండు చప్పుడు ఇనుకుంట గూసున్న."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె కాళ్లు పట్టుకున్నాను. "లే, లే, పల్లికాయ తొక్కుతున్నవ్" అని నన్ను లేపింది.

పేరు మార్చుకుంటున్నానని, ఆమె సెలవు కావాలని చెప్పాను. "పేరు నాది గాదు, నా బిడ్డది. దాన్నడుగు" అని ఫోన్ చేసి ఇచ్చింది. ఆ కోమల నల్లగొండలో ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్. గొంతు వినగానే నేను నిలబడిపోయాను. "గా కోమలవు నువ్వేనా? చిన్నప్పుడు నేను బువ్వ తినకుంటే, నీ పేరు పెట్టుకున్న పోరడు ఇంత తింటడని మా అమ్మ సతాయించేది. దొరికితే నిన్ను గుద్దాలనుకునేదాన్ని" అని నవ్వింది. "ఉంచుకుంటె ఉంచుకో, మార్చుకుంటె మార్చుకో. వాపస్ ఇస్తె నేను రెండు పేర్లు ఏం జేసుకోను?"

అమ్మ భయం మాత్రం జానమ్మే తీర్చింది. "చావుకు సదువొస్తదా, పేర్లు జూసి ఎనకకు పోను? పాలు తాగిండు, బతికిండు. నీ మనుమడు గూడ తాగుతుండు. లేచి బువ్వ తిను" అంది. అమ్మ లేచి తిన్నది. రెండోసారి పెట్టించుకుని తిన్నది. నేను చూస్తూ కూర్చున్నాను.

నీకొక కబురు. ఆ చీర జానమ్మకు వద్దట. "సోమమ్మనే కట్టుకోమను, పెట్టెల పెట్టి పురుగులకు మేత వేసుడెందుకు" అంది. నవ్వుతూనే అంది. నీ మీద కోపం ఉందో లేదో నేను అడగలేదు, అది నువ్వే వచ్చి అడగాలి.

రేపు అమ్మను తీసుకుని దవాఖానకు పోతున్నాను.

కోమల

---

మోత్కూర్,
12 జూలై 2019

కోమలకు,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి నవ్వాను, మూడోసారి కిలో ఏడు వందలు అన్నచోట ఆగాను. నాలుగోసారి బ్యాండు చప్పుడు దగ్గర చదవలేక కాగితం మడిచేశాను.

ఆ పెళ్లికి పిలుపులు పంచింది నేనే. మన ఇంటి వరసలో ఏ ఇల్లూ వదలకుండా తిరిగి, కాళ్లు నొప్పులని మీ నాయినతో గొప్పగా చెప్పాను. బడి దాకా పోయి వెనక్కి తిరిగాను. ఇంకో యాభై అడుగులు వేస్తే వాళ్ల ఇల్లు.

ఈ పొద్దున చీర కట్టుకున్నాను. పండుగా లేదు, పబ్బమూ లేదు. మడతల దగ్గర రంగు కాస్త వెలిసింది. బీరన్న చేతులు తిప్పుతూ ఎవరి పెళ్లని సైగ చేశాడు. ఎనిమిదేళ్ల కింద అయిపోయిన పెళ్లని చెప్పాను. నాకు మతి కూడా పోయిందనుకుని ఉంటాడు.

ఆ చీరతోనే జానమ్మ దగ్గరికి బయలుదేరాను కూడా. బస్టాండు మెట్టు దిగుతూ కాలు బెణికించుకున్నాను. మూడు వారాలు కదలొద్దన్నారు. కదలగలిగిన రోజు ఆ యాభై అడుగులూ నడుస్తాను. ఆమె నాలుగు తిడితే నిలబడి తింటాను. వినబడదు కానీ ముఖం చూస్తే తెలుస్తుంది.

పేరు పెట్టేనాడు నేను లేకపోయినా జానమ్మ ఉండాలి. నువ్వు స్వయంగా పోయి బొట్టు పెట్టి పిలువు. చర్చికి పోయేవాళ్లకు బొట్టు వద్దనుకుంటే పండు చేతిలో పెట్టు. ఫోన్లో మాత్రం పిలవకు.

మనవడికి ఏం పేరు అనుకుంటున్నారు? నీ గజెట్ ఎంతదాకా వచ్చింది?

చీర కట్టిన అత్త

---

కల్వకుర్తి,
30 జూలై 2019

సోమత్తకు,

మొన్న ఆదివారం పేరు పెట్టాం. జానమ్మ, పెద్దులు పొద్దున బస్సుకే వచ్చారు. పిలవడానికి నేనే పోయాను, పండు పట్టుకుని పోయాను, బొట్టు కూడా వద్దనలేదు. వార్డెనమ్మ కోమల మధ్యాహ్నం వచ్చి, మా దుకాణం బోర్డు ముందు నిలబడి ఫోటో దిగి పోయింది. "నా పేరు మీద ఇంత పెద్ద దుకాణమున్నదని నాకు ఎవరూ చెప్పలే" అంది.

జానమ్మకు అమ్మే వడ్డించింది. అందరికంటే ముందు, మా గదిలో, మా పళ్లెంలో. మా చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు ముఖాలు చిట్లించారు. తినకుండా పోయినవాడు కూడా ఒకడున్నాడు. అమ్మ చూసింది. చూసి జానమ్మ పళ్లెంలో ఇంకో గరిటె వేసింది.

ఇక పేరు. అమ్మ నా చెయ్యి పట్టుకుని "నీ ఇష్టమున్న పేరు పెట్టుకో, నాకేం ఫికర్ లేదు" అంది. నేను రెండు మూడు పేర్లు అంటూ ఉంటే, పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకున్న సుహాసిని తలెత్తింది. "ఇన్నొద్దుల సంది తల్లీకొడుకులు కొట్లాడవట్టిరి. కడుపుల మోసింది నేను. నన్నొక్కరన్న అడిగిండ్రా?" అంది. అమ్మ కొంగు సర్దుకుంది. నేనైతే గోడకున్న క్యాలెండర్ చూశాను. ఆమె మనసులో మొదటినుంచీ సతీశ్ అని ఉందట. సతీశ్ అనే పెట్టాం. ఇల్లు ఊడ్చినట్టు వాదనలన్నీ ఒక్క నిమిషంలో అయిపోయాయి.

కానీ అమ్మ నోరు అలవాటైపోయి ఒక్కోసారి రమా అంటోంది. సుహాసిని కూడా అంటోంది. నేను కోప్పడడం మానేశాను. భయంతో పిలిస్తే కదా కోపం, ముద్దుకు పిలుచుకుంటే నాకేం.

నా గజెట్ అడిగావు. కాగితాలు వెనక్కి తీసుకున్నాను. ఆఫీసులో గుమస్తా "ఏమైంది కమలాకర్‌గారూ" అంటే ఎవరినో పిలుస్తున్నాడనుకుని పక్కకు జరిగాను. ఇన్నేళ్లు ఈ పేరు నాకు ఎవరో అంటించిన మచ్చ అనుకున్నాను. ఒకామె తన బిడ్డ పాలలో సగం, తన బిడ్డ పేరు మొత్తం నాకిచ్చిందని తెలిశాక ఆ సిగ్గు పోయింది. రైతులు ఇంకా మీ ఆమె లేదా అనే అడుగుతున్నారు. ఉంది, ఇంట్లో ఉంది, మోటారు నాకియ్యండి అంటున్నాను.

ఇంకొకటి రాయాలి. రాయాలా వద్దా అని పేజీ చివరిదాకా వాయిదా వేశాను.

పద్దెనిమిదో తారీకున పిల్లవాణ్ణి ఇంటికి పంపారు. రెండు కిలోల ఇరవై గ్రాములు. నేను కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. వార్డు తలుపు దగ్గర కొత్తగా వచ్చిన కాపలామనిషి అమ్మను ఆపి, "ఎవ్వరమ్మా నువ్వు, లోపటికి ఎందుకు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే అమ్మ చెప్పింది.

నీకు తెలుసా అత్తా, జనాభా లెక్కలవాళ్లు వచ్చినా, బస్సులో పక్కసీటు ఆమె అడిగినా, పిల్లలెంతమంది అంటే అమ్మ "ఒక్క బిడ్డ" అనేది. నన్ను పక్కన పెట్టుకునే అనేది. అందరూ బిడ్డ అనే అంటారు కదా అని నేను ఏనాడూ పట్టించుకోలేదు. కొడుకు అని ఆమె నోట ఒక్కసారి కూడా విన్న గుర్తు లేదు.

ఆరోజు ఆ తలుపు దగ్గర, లోపలా బయటా యాభై మంది ఉండగా, ఎటూ చూడకుండా, "నాకొక కొడుకున్నడు. గాడున్నడు జూడు, సంతకం పెడుతుండు, గాడే నా కొడుకు. నా కొడుక్కు కొడుకు పుట్టిండు. తీస్కపోను వచ్చిన" అంది.

ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఆ మాట కోసం ముప్పై మూడేళ్లు ఎదురుచూశానని ఆ నిమిషం దాకా నాకే తెలియదు.

నర్సింగమ్మ కొడుకు,
కోమల